ఎడ్లు అమ్మి ఎడ్లు కొంటే తప్పులేదు

2022 వేసవిలో అమ్మ రెండోసారి అమెరికా వచ్చింది. 2019లో వచ్చినప్పుడు మాతో పాటు నాలుగైదుసార్లు ఓక్లాండ్ కొలీజియం అనే స్టేడియంకి వచ్చింది కాబట్టి బేస్‌బాల్ గురించి ఆవిడకి కాస్త తెలుసు. కాస్తంటే, బ్యాటర్ పరుగెత్తి మొదట చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే పొడుగాటి కుర్రాడు తెలుసు. పేరు మ్యాట్ ఓల్సన్. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. బంతి ఎవరెలా విసిరినా ఒక కాలు బేస్ మీద ఉంచి, మిగతా ఒళ్ళంతా సాగదీసి అందుకునేవాడు. "అటక మీద డబ్బాలు తీయడానికి ఇలాంటోడు ఇంట్లో ఒకడుండాలిరా" అనేది అమ్మ.

ఈసారి సీట్లో కూర్చుని, సంచిలోంచి చేగోడీల పొట్లం తీసి, మైదానం వైపు చూసింది.

"ఆ పొడుగు పిల్లాడు ఏడీ?"

"అట్లాంటా వాళ్ళకి ఇచ్చేశారమ్మా."

"ఇచ్చేయడమేంటి, మనిషిని?"

"ట్రేడ్ అంటారు. మార్పిడి."

"ఎంతకి?"

"డబ్బుకి కాదు. నలుగురు కుర్రాళ్ళకి."

అమ్మ చేగోడీ కొరకడం ఆపి లెక్కేసింది. "ఒకడికి నలుగురా! మంచి బేరమే కదరా."

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడు మా ఓక్లాండ్ ఏస్ (అసలు పేరు అథ్లెటిక్స్) జట్టు 162 ఆటల్లో 102 ఓడింది. మరుసటేడు 112. ఇదేం బేరమో చెప్పడానికి ఇన్నాళ్ళకి కుదిరింది.

మాది ఒంగోలు వైపు పల్లెటూరు. తాతయ్యకి ఎడ్ల పిచ్చి. సంతకి వెళ్తే ఒక జత అమ్మి, ఇంకో జతతో ఇంటికొచ్చేవాడు. అమ్మేటప్పుడు ఇంట్లో ఏడుపులు. మా నాయనమ్మ రెండ్రోజులు మాట్లాడేది కాదు. ఆయన మాత్రం "సాగుకి ఎడ్లు ఉండాలి గానీ ఈ ఎడ్లే ఉండాలని ఎక్కడుంది" అనేవాడు. అదే ఊళ్ళో ఇంకో పెద్దమనిషి కూడా ఎడ్లు అమ్మాడు. తిరిగి కొనలేదు. మంచి జత దొరకలేదని ఒక ఏడు, రేటు పెరిగిందని ఇంకో ఏడు చెప్పుకొచ్చాడు. మూడో ఏడు పొలం కౌలుకిచ్చి టౌన్‌కి వెళ్ళిపోయాడు. అమ్మిన రోజున సంతలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటారు. చూసేవాడికి తేడా తెలియదు.

ట్రేడుల గురించి నాకున్న అభిప్రాయం మొత్తం ఇంతే. ఎవరిని ఇచ్చారు, ఎవరిని తెచ్చారు అని ఆ రోజే మార్కులు వేసేవాళ్ళని నేను పట్టించుకోను. మిగిలిన జీతం డబ్బు మళ్ళీ జట్టులోకి వచ్చిందా, ఎవరి జేబులోకైనా పోయిందా అన్నది చూస్తాను. అది తెలియడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఓపిక పట్టాలి.

ఐపీఎల్ మాత్రమే చూసేవాళ్ళకి ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఐపీఎల్‌లో ఆటగాడు ఒప్పుకోకుండా ట్రేడ్ జరగదు. హార్దిక్ పాండ్యా 2023 నవంబర్లో గుజరాత్ నుంచి ముంబైకి వెళ్ళినప్పుడు జనం ఎంత గోల చేసినా, వెళ్ళినవాడికి మాత్రం అది ఇష్టమే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాడిని అడగరు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకున్నవాళ్ళకీ, లీగ్‌లో పదేళ్ళు ఆడి అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాళ్ళకీ తప్ప ఎవరికీ 'నేను వెళ్ళను' అనే హక్కు లేదు. పొద్దున్న ఫోనొస్తుంది. సాయంత్రానికి వేరే ఊరు.

ఇంకో ముఖ్యమైన లెక్క, ఆరేళ్ళ లెక్క. కుర్రాడు మేజర్ లీగ్‌లోకి వచ్చాక ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టు సొత్తే. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతం. 2022లో అది 7 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్ళు జీతం దగ్గర పేచీ వస్తే మధ్యవర్తి తేలుస్తాడు కాబట్టి కొంచెం కొంచెం పెరుగుతుంది. ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎవరెక్కువిస్తే అక్కడికి పోవచ్చు. హెచ్-1బీ మీద వచ్చినవాళ్ళకి ఆరేళ్ళ గడియారం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. నాకైతే ఈ రూల్ మొదటిసారి విన్నప్పుడే ఆటగాళ్ళ మీద అదోరకం చుట్టరికం పుట్టుకొచ్చింది. తేడా ఏంటంటే మాకు ఆరేళ్ళు నిండుతుంటే టెన్షన్, వాళ్ళకి ఆరేళ్ళు నిండితే పండగ.

సంతలో తాతయ్య ముందు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నదాన్ని బట్టి ధర. బండలాగుడు పందేల్లో ఇప్పటికీ విభాగాలు అలాగే పెడతారు. బేస్‌బాల్ జనరల్ మేనేజర్లు చేసేదీ అచ్చంగా ఆ పనే. ఎంత బాగా ఆడతాడు అన్నది తర్వాతి మాట, ఇంకా ఎన్నేళ్ళు మన చేతిలో ఉంటాడన్నది ముందు మాట. సర్వీసు ఏడాదంటే 172 రోజులు. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్ అనే కుర్రాడిని సీజన్ మొదలయ్యాక ఏప్రిల్ 17న కింది లీగ్ నుంచి పైకి పిలిచింది. ఏడాది చివర చూస్తే అతని ఖాతాలో 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. ఆ ఒక్క రోజుతో జట్టుకి అతని మీద ఇంకో ఏడాది హక్కు దక్కింది. అతను ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. ఆ కుర్రాడు ఆ ఏడు లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. పైకి పిలిచేముందు మాత్రం 'ఇంకా కొంచెం నేర్చుకోవాలి' అన్నారు. అప్రైజల్ మీటింగ్‌లో కూర్చున్న ప్రతివాడికీ ఈ వాక్యం తెలుసు.

నేను 2011 చివర్లో ఫ్రీమాంట్ వచ్చాను. మా ఆఫీసులో నెల్లూరాయన ఒకాయన ఉండేవాడు, పదిహేనేళ్ళుగా ఏస్ అభిమాని. వచ్చే ఏడు మ్యాచ్‌కి తీసుకెళ్ళమంటే నిట్టూర్చాడు. "ఏం చూస్తావు తమ్ముడూ, ఉన్న బౌలర్లందర్నీ ఈ డిసెంబర్లోనే అమ్మేశారు." పిచర్లని బౌలర్లనేవాడు, ఎన్నేళ్ళయినా మారలేదు. ఆయన చెప్పింది నిజమే. ఒక్క నెలలో ట్రెవర్ కాహిల్‌ని అరిజోనాకి, జియో గొంజాలెజ్‌ని వాషింగ్టన్‌కి, ఆండ్రూ బెయిలీని బోస్టన్‌కి పంపేశారు. బదులుగా వచ్చినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

కానీ ఆ ఫిబ్రవరిలోనే క్యూబా నుంచి వచ్చిన యోయెనిస్ సెస్పెడెస్‌కి నాలుగేళ్ళకి 3.6 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. పెద్ద పెద్ద జట్లు చూస్తుండగానే. ఎడ్లు అమ్మిన చేత్తోనే ఎడ్లు కొన్నారన్నమాట. జూన్ నెలాఖరుకి జట్టు పట్టికలో టెక్సస్ కంటే 13 ఆటలు వెనక. అయినా ఊరుకోలేదు. బోస్టన్ నుంచి వచ్చిన జాష్ రెడిక్ 32 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు. అరిజోనా నుంచి వచ్చిన జారెడ్ పార్కర్, వాషింగ్టన్ నుంచి వచ్చిన టామీ మిలోన్ చెరి 13 ఆటలు గెలిపించారు.

అక్టోబర్ 3, బుధవారం. సీజన్లో ఆఖరి ఆట, అదే టెక్సస్ మీద, గెలిచినవాళ్ళదే మా డివిజన్ టైటిల్. నేనూ నెల్లూరాయనా ఒంట్లో బాగోలేదని ఇద్దరం ఒకే రోజు ఒకే మేనేజర్‌కి మెయిల్ పెట్టి, కొలీజియం స్టేషన్లో బార్ట్ రైలు దిగాం. స్టేషన్ నుంచి స్టేడియానికి పొడవాటి ఇనుప కంచెల వంతెన. దాని మీద తోపుడు బండ్ల దగ్గర ఉల్లిపాయలు వేగే వాసన, జీడిపప్పు పొట్లాలు అమ్మేవాళ్ళు. లోపల మా పైన కాంక్రీటు కొండలాంటి ఎత్తైన గ్యాలరీ, ఫుట్‌బాల్ కోసం కట్టింది, దానికి మౌంట్ డేవిస్ అని పేరు. అవుట్‌ఫీల్డ్ వెనక డప్పులు. నాలుగో ఇన్నింగ్స్‌లో సెస్పెడెస్ కొట్టిన బంతి గాల్లోకి లేచింది. టెక్సస్ హీరో జాష్ హామిల్టన్ కిందికొచ్చాడు, చిన్నపిల్లాడు కూడా పట్టేసే బంతి, చేతి తొడుగుకి తగిలి జారిపోయింది. రెండు పరుగులు. నెల్లూరాయన నా వీపు మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. 12-5తో గెలిచాం.

అందుకే నాకు ట్రేడంటే కోపం లేదు. నేను ఈ ఆటని ప్రేమించిందే ఒక పెద్ద అమ్మకం తర్వాత.

2014 నవంబర్లో జాష్ డోనాల్డ్‌సన్‌ని టొరాంటోకి ఇచ్చేసినప్పుడు మాత్రం నాకు నిద్రపట్టలేదు. ఇంకా నాలుగేళ్ళు చేతిలో ఉండే ఆటగాడు, చవకగా దొరికే ఆటగాడు. పళ్ళ భాషలో చెప్తే నాలుగు పళ్ళ గిత్త. మరుసటేడే అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. 1993 తర్వాత టొరాంటో మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. అయినా దాన్ని కూడా నేను క్షమించేశాను. అది తప్పుడు అంచనా. పళ్ళు చూడటంలో తాతయ్య కూడా రెండుసార్లు మోసపోయాడు.

క్షమించలేనిది మార్కస్ సెమియన్ విషయం. అది అసలు ట్రేడే కాదు. బే ఏరియాలో పుట్టి, బర్కిలీలో చదివి, ఇంటి జట్టుకి ఆడినవాడు. 2019లో ఎంవీపీ ఓట్లలో మూడో స్థానం. 2020 తర్వాత ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. 1.89 కోట్ల డాలర్ల ఒక ఏడాది ఆఫర్ ఇచ్చే వీలు జట్టుకి ఉంది. అతను కాదని వెళ్ళిపోతే బదులుగా, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక కుర్రాడైనా దక్కేవాడు. అదీ ఇవ్వలేదు. 1.25 కోట్లు ఇస్తామని, అందులో కోటి డాలర్లు ఏడాదికి పది లక్షల చొప్పున పదేళ్ళ పాటు వాయిదాల్లో కడతామని అడిగినట్టు వార్తలొచ్చాయి. అది చదివి నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు గోడకేసి చూశాను. చీటీ పాట పాడినట్టు ఆటగాడితో బేరమా! అతను టొరాంటో వెళ్ళి 45 హోమ్ రన్లు కొట్టాడు, సెకండ్ బేస్‌మన్లలో రికార్డ్. తర్వాత టెక్సస్ ఏడేళ్ళకి 17.5 కోట్లిచ్చింది. 2023లో వాళ్ళు లీగ్ ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్ గెలిచారు.

ఇక 2022 మార్చి. యజమానులకీ ఆటగాళ్ళ సంఘానికీ పేచీ వచ్చి, డిసెంబర్ నుంచి 99 రోజులు లీగ్ తాళం వేసి ఉంది. మార్చి 10న తాళం తీశారు. శనివారం క్రిస్ బాసిట్ న్యూయార్క్ మెట్స్‌కి. సోమవారం ఓల్సన్ అట్లాంటాకి. బుధవారం మ్యాట్ చాప్‌మన్ టొరాంటోకి. డాక్టర్ చీటీ రాసినట్టు రోజు విడిచి రోజు. ఏప్రిల్లో షాన్ మనాయియా శాన్ డియెగోకి. అంతకుముందు అక్టోబర్లోనే జట్టుకి కోచ్ లాంటి మేనేజర్ బాబ్ మెల్విన్‌ని, ఇంకా ఏడాది ఒప్పందం ఉండగా, బదులు ఏమీ అడక్కుండా శాన్ డియెగోకి వదిలేశారు. అప్పుడే అర్థం కావాల్సింది.

సోమవారం పొద్దున్న స్టాండప్ మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ వణికింది. 'ఓల్సన్ ట్రేడెడ్'. నా వంతు వచ్చింది, నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో చెప్పాలి. ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి, అప్పటికి ఏడేళ్ళు, 28 నంబరు జెర్సీ వేసుకునే హోంవర్క్ చేస్తోంది. నేనేం చెప్పలేదు. రెండ్రోజుల తర్వాత స్కూల్లో ఎవరో చెప్పారట.

అమ్మ లెక్కకి వద్దాం. ఒకడికి నలుగురు. ఆ నలుగురిలో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) షే లాంగెలియర్స్ నిజంగానే మంచివాడు, 2024లో 29 హోమ్ రన్లు కొట్టాడు. క్రిస్టియన్ పాచె బ్యాటింగ్ సగటు ఆ ఏడు 0.166, మరుసటేడు జట్టులోనే లేడు. మిగతా ఇద్దరు పిచర్లు. అట్లాంటాకి వెళ్ళిన ఒకడు 2023లో 54 హోమ్ రన్లు కొట్టి ఆ జట్టు రికార్డు బద్దలుకొట్టాడు. పేకాటలో నాలుగు రెండ్లు ఇచ్చి ఆసు తీసుకున్నట్టు. ఈ ఆటలో ఒకేసారి తొమ్మిదిమందే ఆడతారు కాబట్టి, నలుగురు ఓ మోస్తరువాళ్ళు కలిసినా ఒక గొప్పవాడికి సమానం కారు. మైదానంలో చోటే లేదు.

ఇక్కడ అట్లాంటాని చూడండి. వాళ్ళ ఊరి హీరో ఫ్రెడీ ఫ్రీమన్ ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, అతన్ని వదులుకున్నారు, అక్కడి జనం కూడా ఏడ్చారు. కానీ అదే వారం ఓల్సన్‌ని తెచ్చుకుని, మరుసటి రోజే ఎనిమిదేళ్ళకి 16.8 కోట్ల ఒప్పందం రాసేశారు. తాతయ్య పద్ధతి. మావాళ్ళది రెండో పెద్దమనిషి పద్ధతి.

ఆ 2022 డిసెంబర్లోనే క్యాచర్ షాన్ మర్ఫీని కూడా అదే అట్లాంటాకి ఇచ్చారు, మూడు జట్ల బేరం. దాని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మిల్వాకీ జట్టు ఎస్టెరీ రూయీజ్ అనే ఒక్క కుర్రాడిని ఇచ్చి, అట్లాంటా నుంచి విలియం కాంట్రెరాస్ అనే మెరికలాంటి క్యాచర్‌ని, ఇంకో పిచర్‌ని పట్టుకుపోయింది. చాలదన్నట్టు మేమే వాళ్ళకి జోయెల్ పాయాంప్స్ అనే, ఆట మధ్యలో దిగే మంచి పిచర్, అంటే రిలీవర్‌ని ఇచ్చాం. అంటే మా పెళ్ళిలో మా ఖర్చుతో పక్కింటివాళ్ళు భోంచేసి, వెళ్తూ వెళ్తూ గిన్నె కూడా తీసుకెళ్ళారు. రూయీజ్ పాపం 2023లో 67 బేసులు దొంగిలించాడు, అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేస్ కి పరుగెత్తి చేరాడు, అంత పరుగెత్తేవాడిని నేను చూడలేదు. కానీ దొంగిలించాలంటే ముందు బేస్ మీదికి చేరాలి కదా.

'ఎలాగూ 2023 తర్వాత ఓల్సన్, చాప్‌మన్ ఇద్దరూ వెళ్ళిపోయేవాళ్ళే, చిన్న జట్టు ఏం చేస్తుంది' అంటారు. నెల్లూరాయన కూడా అదే అన్నాడు. చాలాకాలం నేనూ నమ్మాను. డబ్బులేనివాడి తెలివితేటలంటేనే ఓక్లాండ్, 2002లో వరసగా 20 ఆటలు గెలిచిన కథ మాకు సుప్రభాతం లాంటిది.

ఆ నమ్మకం 2024 డిసెంబర్లో పోయింది. అప్పటికి జట్టు ఓక్లాండ్ వదిలేసింది. లాస్ వేగాస్‌లో కొత్త స్టేడియం కట్టేదాకా శాక్రమెంటోలో, పద్నాలుగు వేలమంది పట్టే మైనర్ లీగ్ మైదానంలో ఆడతామన్నారు. ఊరి పేరు కూడా పెట్టుకోరట, ఉత్త అథ్లెటిక్స్. అలాంటి సమయంలో 30 ఏళ్ళ పిచర్ లూయిస్ సెవరీనోకి మూడేళ్ళకి 6.7 కోట్లు ఇచ్చారు. జట్టు చరిత్రలో అప్పటికి అదే అతి పెద్ద ఒప్పందం. ఏడాదికి 2.2 కోట్ల పైనే. ఓల్సన్‌కి అట్లాంటా ఇస్తున్నది ఏడాదికి 2.1 కోట్లు.

మళ్ళీ చదవండి. 28 నిండబోతున్న ఓల్సన్‌కి లేని డబ్బు దాదాపు మూడేళ్ళ తర్వాత సెవరీనోకి ఉంది.

ఎందుకొచ్చిందో పత్రికలు రాశాయి. పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న జట్లకి వాటా పంచుతారు, 2022 ఒప్పందంలో మా జట్టుకి ఆ వాటా మళ్ళీ దక్కింది. తీసుకున్న డబ్బు ఆటగాళ్ళ మీద ఖర్చుపెట్టకపోతే ఆటగాళ్ళ సంఘం కేసు వేస్తుందన్న భయమట. భయం పుట్టాక డబ్బు పుట్టింది. తర్వాత నెలల్లో బ్రెంట్ రూకర్‌కి అయిదేళ్ళకి 6 కోట్లు, లారెన్స్ బట్లర్‌కి ఏడేళ్ళకి 6.55 కోట్లు. మంచి నిర్ణయాలే, కాదనను. ఇదే 2022లో ఎందుకు చేయలేదన్నదే నా గొడవ. ఖాళీ కుర్చీలు చూపించి 'జనం రావడం లేదు' అన్నారు. 2019లో 16 లక్షల పైచిలుకు వచ్చిన జనం 2022లో 8 లక్షలు కూడా దాటలేదు, నిజమే. మధ్యలో ఏం జరిగిందో చెప్పరు. కొట్లో సరుకు తీసేసి, కొనేవాళ్ళు రావట్లేదని షట్టర్ దించినట్టు.

జనం రారా? 2023 జూన్ 13, మంగళవారం. అభిమానులే పూనుకుని స్టేడియం నింపుదామన్నారు. 27,759 మంది వచ్చాం. ఆకుపచ్చ టీషర్టుల మీద ఒకే మాట, 'సెల్'. అమ్మెయ్, జట్టుని అమ్మెయ్ అని యజమాని జాన్ ఫిషర్‌కి. అయిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ ఆడుతున్నంతసేపు అందరూ మౌనం. అన్ని వేలమంది మధ్యలో బంతి క్యాచర్ తొడుగులో పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత ఒక్కసారిగా అరుపులు. మా అమ్మాయి నా భుజాల మీదికి ఎక్కి 'సెల్ ద టీమ్' అని గొంతు పోయేలా అరిచింది. ఆటగాళ్ళని అమ్మితే ఏడ్చిన పిల్ల, జట్టునే అమ్మమని అరుస్తోంది. ఆ రాత్రి ఆట గెలిచాం కూడా, 2-1. అదే రోజు నెవాడా సెనేట్ వేగాస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఆమోదించింది.

చాప్‌మన్ ఇప్పుడు బేకి అటు ఒడ్డున, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌లో ఉన్నాడు. 2024 సెప్టెంబర్లో వాళ్ళతో ఆరేళ్ళకి 15.1 కోట్ల ఒప్పందం రాసుకున్నాడు. అదే నెల 26న కొలీజియంలో మా ఆఖరి ఆట. బే ఏరియాలో ఆ ధర పెట్టేవాళ్ళు లేరని ఎవరైనా అంటే, వంతెన దాటి చూడమనండి.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. 2025 జులైలో క్లోజర్ మేసన్ మిల్లర్‌ని శాన్ డియెగోకి ఇచ్చి లియో డి వ్రీస్ అనే 18 ఏళ్ళ కుర్రాడిని, ఇంకొంతమందిని తెచ్చారు. వాట్సాప్ గ్రూపులో అందరూ మళ్ళీ మొదలెట్టారని గోల. నేను మాత్రం సరేనన్నాను. మిల్లర్ జీతం చాలా తక్కువ కాబట్టి అతన్ని ఇస్తే మిగిలేదేం లేదు. అంటే ఆ బేరం జేబు కోసం జరగలేదు. ఆఖర్లో ఒక్క ఇన్నింగ్స్ వేసేవాడు, ఆ ఏడు 76 ఆటలే గెలిచిన జట్టుకి ఎంత అవసరం? పాలపళ్ళ కోడె తెచ్చారు, పెరిగితే చూద్దాం. ఇలా అన్నందుకు గ్రూపులో ఒకాయన నన్ను ఫిషర్ ఏజెంట్ అన్నాడు.

మా అమ్మాయికి ఇప్పుడు నిక్ కర్ట్స్ అంటే పిచ్చి. 2025 ఏప్రిల్లో వచ్చి, ఏడాదిలో 36 హోమ్ రన్లు, హ్యూస్టన్‌లో ఒకే ఆటలో నాలుగు, ఉత్తమ కొత్త ఆటగాడు. అతను కూడా పొడుగే, అతనూ ఫస్ట్ బేసే. కొత్త నిబంధన ప్రకారం ఆ అవార్డు ఓట్లలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళకి ఆలస్యంగా పైకొచ్చినా పూర్తి ఏడాది సర్వీసు ఇస్తారు. బ్రయంట్‌కి జరిగింది ఇతనికి జరగదు. కాబట్టి కొత్త ఒప్పందం రాసుకోకపోతే 2030 సీజన్ అయ్యాక ఫ్రీ. వేగాస్ స్టేడియం 2028కి అంటున్నారు. ఆ రెండు తేదీల మధ్య ఏ డిసెంబర్లోనో నా ఫోన్ మళ్ళీ వణుకుతుంది.

పుట్టినరోజుకి జెర్సీ కావాలంది. సైటు తెరిచి సైజు చూశాను, కార్ట్‌లో పెట్టాను. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఎన్నేళ్ళ కుర్రాడు?" అని అడిగింది. చెప్పాను.

"అయితే రెండు సైజులు పెద్దది తీసుకో. పిల్ల ఎదుగుతుంది, ఈ కుర్రాడిని అమ్మేదాకా సరిపోవాలి కదా" అంది.